టపాకాయల ఫొటోలో షట్టర్ చేసే పని వేరు

మేడ మీద చిచ్చుబుడ్డి వెలిగించి, కెమెరాను పిట్టగోడ మీద కదలకుండా పెట్టి మూడు ఫొటోలు తీస్తే బాణసంచా ఫొటోగ్రఫీ సగం అర్థమైపోతుంది. మిగతా సెట్టింగులన్నీ అలాగే ఉంచి, షట్టర్ తెరిచి ఉంచే సమయం ఒక్కటే మార్చాలి. సెకనులో 500వ వంతు పెడితే రవ్వలు గాల్లోకి విసిరిన నూకల్లా చుక్కలు చుక్కలుగా పడతాయి. 30వ వంతు పెడితే అవే రవ్వలు జానెడుకు కాస్త తక్కువగా దారప్పోగులవుతాయి. రెండు సెకన్లు పెడితే చుక్కలూ ఉండవు, పోగులూ ఉండవు. నేల నుంచి లేచి, గొడుగులా వంగి, కిందికి రాలుతున్న బంగారు చెట్టు కనిపిస్తుంది. మూడుసార్లూ మందు అదే, మంట అదే. రవ్వ సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎగురుతోందనుకుంటే 500వ వంతులో అది కదిలేది 1 సెంటీమీటరు, 30వ వంతులో దాదాపు 17 సెంటీమీటర్లు.

ఈ మూడింట్లో కంటికి కనిపించింది ఏది? ఏదీ కాదు. కంటికి రవ్వ అంటే మెరిసే చుక్క, దాని వెనక పొట్టి తోక. ఆకాశంలో పేలే షెల్ సంగతీ అంతే. పత్రికల్లో వచ్చే నిండు చేమంతిని, నడిబొడ్డు నుంచి అంచు దాకా ఒక్క రేకూ తెగని పువ్వును, ఎవరూ అలా మొత్తంగా చూసి ఉండరు. రేకు చివర వెలిగే వేళకు దాని మొదలు ఆరిపోయి ఉంటుంది. ముగ్గు వేసిన చెయ్యి ముందుకు పోయినా గీత మిగిలినట్టు, ఫొటోలో రెండు మూడు సెకన్లు పరుచుకుని ఉంటాయి. దీన్ని ఒక్క క్షణంలో పట్టేయాలనుకునే తొందరలోనే చాలా ఫొటోలు చెడిపోతున్నాయి.

వేలు, దీపం

ఫొటోలు తీసే అందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటే ఫొటో అంత వెలుగు. ఎదురుగా గోడ ఉంటే ఇది నిజమే. గోడ కదలదు, దాని వెలుగు కెమెరాలో బొమ్మను పట్టే సెన్సర్ మీద ఒకే చోట పడుతూ పోగవుతుంది. రవ్వ అలా నిలబడదు. దీపం మంట మీదుగా వేలు చటుక్కున పోనిస్తే కాలదు, అక్కడే ఆపితే కాలుతుంది. సెన్సర్ మీద ప్రతి బిందువునూ రవ్వ ఇలాగే చటుక్కున దాటిపోతుంది. అది దాటిపోయాక షట్టర్ ఇంకో ఐదు సెకన్లు తెరిచి ఉన్నా ఆ బిందువుకు కొత్తగా చేరేదేమీ ఉండదు. అందుకే గీత ఎంత మెరవాలో తేల్చేవి లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రమైన అపర్చర్, సెన్సర్ వెలుగుకు ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్‌ఓ. గీత ఎంత పొడవు సాగాలి, ఫ్రేములో ఎన్ని గీతలు పడాలి అన్నంత వరకే షట్టర్ పని.

ఇది తెలియక చేసే తప్పు ఎలా ఉంటుందంటే, పువ్వు తెల్లగా మాడిపోయిందని షట్టర్ సమయం 4 సెకన్ల నుంచి ఒక సెకనుకు తగ్గిస్తారు. రేకులు పొట్టివవుతాయి, తెలుపు మాత్రం తెలుపుగానే ఉంటుంది. అక్కడ మూయాల్సింది అపర్చర్. ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/8లో తెల్లబోతే ఎఫ్/11, అక్కడా ఆగకపోతే ఎఫ్/16. ఒక్కో మెట్టుకు వెలుగు సగం తగ్గుతుంది. ఐఎస్‌ఓ 100, ఎఫ్/11, 2 నుంచి 6 సెకన్లు అన్నది మొదలుపెట్టడానికి మంచి చోటు. కెమెరా మీటర్ చెప్పేది మాత్రం పట్టించుకోకూడదు. అది నల్లటి ఆకాశాన్ని చూసి, పాపం, దాన్ని బూడిద రంగుకు తేవాలని తంటాలు పడుతుంది.

ఈ సూత్రానికి ఒక మినహాయింపు మొదటి చిచ్చుబుడ్డి ఫొటోలోనే ఉంది. రెండు సెకన్ల ఫొటోలో బుడ్డి మూతి దగ్గర తెల్లటి ముద్ద కనిపిస్తుంది. వేల రవ్వలు అదే సన్నటి దారిలో ఒకదాని వెంట ఒకటి పోతాయి కాబట్టి అక్కడ మాత్రం వెలుగు పోగవుతుంది. పైన విడిపోయే కొమ్మలకు ఆ బాధ లేదు. కాబట్టి చిచ్చుబుడ్డికి అర సెకను దాటనక్కర్లేదు, భూచక్రానికి దాని ఒక్క చుట్టు పూర్తయ్యేంత సమయం సరిపోతుంది. తారాజువ్వకు మాత్రం అది లేచినప్పటి నుంచి ఆరిపోయే దాకా షట్టర్ తెరిచే ఉండాలి.

చీకట్లో నిలబడ్డ భవనం

వెనక ఊరు కూడా కనిపించాలంటే లెక్క రెండుగా చీలుతుంది. హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్ మీదుగా చూస్తే నీళ్ల మధ్య బుద్ధ విగ్రహం, అవతల 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన సచివాలయం దీపాలతో వెలుగుతుంటాయి. ఆ ఆకాశంలో బాణసంచా కాలిస్తే ఒకే ఫ్రేములో రెండు రకాల వెలుగులు చేరతాయి. టపాకాయ గీతకు సమయంతో పని లేదు. భవనానికి సమయమే అన్నీ. ఎఫ్/11లో పువ్వు సరిగ్గా కుదిరినా, షట్టర్ 15 సెకన్లు వదిలేస్తే సచివాలయం సున్నం వేసిన గోడలా తేలిపోతుంది. రెండు సెకన్లకే మూస్తే పువ్వు కింద ఊరే లేనట్టు ఉంటుంది.

దీనికి అనుభవజ్ఞులు చేసే పని తేలికైనది. బాణసంచా మొదలవ్వకముందే ఎఫ్/11 మీద భవనాన్ని 3, 5, 8 సెకన్లకు తీసి చూసుకుంటారు. వాటిలో ఏది బాగుంటే ఆ రాత్రికి అదే సమయం. రెండు మూడు షెల్స్ ఒకే ఫ్రేములో కావాలంటే, బటన్ నొక్కినంతసేపూ షట్టర్ మూసుకోని బల్బ్ మోడ్‌లో షట్టర్ తెరిచి, ఒక పేలుడుకూ ఇంకో పేలుడుకూ మధ్య లెన్స్ ముందు నల్ల అట్టముక్క అడ్డం పెడతారు. అట్ట లెన్స్‌కు తగలకూడదు. తగిలితే అన్ని గీతలూ ఒకేచోట వణికినట్టు కనిపిస్తాయి. ఒలింపస్ కెమెరాల్లో లైవ్ కాంపోజిట్ అనే ఏర్పాటు ఈ పనిని సాఫ్ట్‌వేర్‌తో చేస్తుంది. మొదటి ఫ్రేములోని ఊరిని అలాగే ఉంచి, తర్వాతి ఫ్రేముల్లో కొత్తగా వెలిగినవాటిని మాత్రమే కలుపుకుంటుంది.

ఫ్రేము ఎంత పెద్దది కావాలన్నది ముందే అంచనా వేయొచ్చు. పెద్ద ప్రదర్శనల్లో వాడే షెల్ వ్యాసం ఒక్కో అంగుళానికి దాదాపు 100 అడుగుల ఎత్తున పేలుతుందని ఒక మోటు లెక్క. ఆరంగుళాల షెల్ అంటే 600 అడుగులు, అంటే 180 మీటర్లు. అర కిలోమీటరు దూరంలో నిలబడితే అది తల ఎత్తి చూడాల్సినంత ఎత్తేమీ కాదు, 20 డిగ్రీలే. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి నిలువుగా తిప్పితే ఫ్రేము ఎత్తు 40 డిగ్రీలు వస్తుంది. నేల అడుగున, పువ్వు నడిమధ్యలో. అడ్డంగా పట్టుకునే అలవాటు వల్లే చాలామంది పువ్వు తల నరికేస్తారు. దూరం తెలియకపోతే చెవి చెబుతుంది. మెరుపుకూ మోతకూ మధ్య మూడు సెకన్లు పడితే కిలోమీటరు దూరం. మోత విని షట్టర్ నొక్కేవాళ్లకు పువ్వు దొరకదని దీన్నిబట్టే అర్థమవుతుంది. నొక్కాల్సింది కింద నుంచి తోక లేచినప్పుడు.

ఫోకస్ గురించి ఒక్క మాట. ఆటోఫోకస్ చీకట్లో వెతుక్కుంటూ ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. దూరంగా ఉన్న వీధి దీపం మీద ఫోకస్ కుదిర్చి, మాన్యువల్‌కు మార్చి, రింగ్ కదలకుండా టేపు అంటిస్తే ఆ రాత్రంతా నిశ్చింత. రింగును చివరికంటా తిప్పేస్తే చాలా లెన్సుల్లో అది ఇన్ఫినిటీని, అంటే చాలా దూరంలో ఉన్నవి స్పష్టంగా కనిపించే చోటును, దాటిపోతుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫొటోలో చుక్కల మచ్చలు తగ్గించే ఏర్పాటు) కూడా ఆపేయాలి. లేదంటే 4 సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో 4 సెకన్లు నల్ల ఫ్రేము తీసుకుంటూ కూర్చుంటుంది, ఆలోగా రెండు షెల్స్ పేలిపోతాయి. ట్రైపాడ్ లేనివాళ్లకు పిట్టగోడ మీద అయిదు కిలోల బియ్యం సంచి చాలు, కెమెరా అందులో కుదురుగా కూర్చుంటుంది. పిల్లలు గెంతే డాబా మీద ట్రైపాడ్ కన్నా అదే మేలు.

మందులో ఏముంది

పువ్వు రంగును బట్టి కూడా అపర్చర్ మారుతుంది. ఎరుపుకు స్ట్రాన్షియం, ఆకుపచ్చకు బేరియం, పసుపుకు సోడియం, నీలానికి రాగి. వెండి తెలుపుకు అల్యూమినియం, మెగ్నీషియం, టైటానియం. బంగారు రవ్వలకు బొగ్గు, ఇనుప రజను. వీటన్నిటి వెలుగూ ఒకేలా ఉండదు. టైటానియం తెలుపు భగ్గుమంటుంది, దానికి ఎఫ్/16 కూడా ఎక్కువేమీ కాదు. బొగ్గు రవ్వ ఎర్రగా, నెమ్మదిగా, ఏడుస్తున్నట్టు జారుతుంది, ఎఫ్/8 లేకపోతే దాని తోక సగంలోనే మాయమవుతుంది. అన్నిటికన్నా మొండిది నీలం. ఆ రంగు రాగి క్లోరైడ్ అణువుల నుంచి వస్తుంది, మంట మరీ వేడెక్కితే అవి విడిపోతాయి. అందుకే మంచి నీలం ఎప్పుడూ కాస్త మందంగానే ఉంటుంది. ఎరుపు, తెలుపులకు సరిపోయే సెట్టింగులో అది నలుపులో కలిసిపోతుంది.

ఎర్రటి పువ్వు ఫొటోలో పసుపుగా రావడం చాలామందికి అనుభవమే. దాన్ని వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగులు సరిచేసే సెట్టింగు) తప్పు అనుకుంటారు కానీ అసలు కారణం వేరు. సెన్సర్‌లో ఎరుపును పట్టే పిక్సెళ్లు ముందు నిండిపోతాయి. ఇక అక్కడ చోటు ఉండదు. ఎరుపు వెలుగులో కొంత ఆకుపచ్చ, నీలం పిక్సెళ్లకు కూడా చేరుతుంది కాబట్టి అవి నిండడం మొదలవుతుంది. ఎరుపు కాస్తా నారింజ, ఆ తర్వాత పసుపు, చివరికి తెలుపు. ఆ పక్క నుంచి రంగును వెనక్కి లాగడం కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే రా ఫైలులో కూడా కొంతవరకే సాధ్యం. ముందే అపర్చర్ ఒక మెట్టు మూయడం నయం. వైట్ బ్యాలెన్స్‌ను మాత్రం ఆటోలో వదలకుండా పగటి వెలుగు దగ్గర ఆపేస్తే ఫ్రేము ఫ్రేముకూ ఆకాశం రంగు మారకుండా ఉంటుంది.

బేరియం ప్రస్తావన వచ్చింది కాబట్టి కోర్టు సంగతి చెప్పాలి. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల్లో బేరియం లవణాల నిషేధం ఒకటి, 2021 అక్టోబరులో అదే మాట మళ్లీ గట్టిగా చెప్పింది. దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చాలన్నదీ 2018 ఆదేశమే. వీధుల్లో ఆరున్నరకే మోత మొదలవడం వేరే కథ. ఫొటో తీసేవాళ్లకు ఈ రెండు గంటల గడువు ఒక ఇబ్బంది తెచ్చిపెడుతుంది. ఊరు ఊరంతా ఆ రెండు గంటల్లోనే కాలిస్తే పొగ కూడా ఆ రెండు గంటల్లోనే పోగవుతుంది. గాలి లేని రాత్రయితే అది ఇళ్ల కప్పుల ఎత్తులో తెరలా నిలిచిపోతుంది. తొమ్మిది దాటాక పేలే ప్రతి షెల్ ముందు ఆ తెరను వెలిగించి, ఆ వెనక తాను మసకగా కనిపిస్తుంది. మంచి ఫొటోలు మొదటి ఇరవై నిమిషాల్లోనే దొరుకుతాయి. గాలి ఎటు వీస్తోందో టపాకాయలు ముట్టించే అగరొత్తి పొగే చెబుతుంది. అది ముఖం మీదికి వస్తుంటే నిలబడ్డ చోటు మార్చుకోవాలి. గాలి వీపుకైనా తగలాలి, పక్క నుంచైనా పోవాలి.

ఫోన్ ఎందుకు ఓడిపోతుంది

ఇప్పుడు దీపావళి ఫొటోల్లో చాలావరకు ఫోన్‌తో తీసినవే. అక్కడ చిక్కేమిటంటే, ప్రధాన లెన్స్ అపర్చర్ చాలా ఫోన్లలో ఎఫ్/1.8 దగ్గర బిగించి ఉంటుంది, మూసే వీలే లేదు. ఎఫ్/11తో పోలిస్తే ఇది సెన్సర్ మీద ఒక్కో చోటికి 37 రెట్ల వెలుగు పంపుతుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ 50 పెడితే తగ్గేది ఒక్క మెట్టే. అందుకే ఫోన్ ఫొటోల్లో పువ్వు రంగు పోయి తెల్లటి పుల్లల్లా మిగులుతుంది. ముదురు రంగు చలవ కళ్లద్దాన్ని లెన్స్‌కు అడ్డం పెట్టడం వినడానికి నవ్వులాటలా ఉన్నా లెక్కకు నిలుస్తుంది. మంచి ముదురు అద్దం ఆరో వంతో ఎనిమిదో వంతో వెలుగునే లోపలికి పంపుతుంది, అంటే రెండున్నర నుంచి మూడు మెట్లు. బూడిద రంగు అద్దమైతే రంగులూ పెద్దగా మారవు.

నైట్ మోడ్ ఆన్ చేస్తే ఇంకా బాగా వస్తుందనుకోవడం మరో పొరపాటు. నైట్ మోడ్ వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని ఒకదానికొకటి సరిపెట్టి సగటు కడుతుంది. కదలని గోడకు సగటు మేలు చేస్తుంది. ఒక్క ఫ్రేములో మెరిసి మిగతా తొమ్మిదింట్లో లేని రవ్వకు సగటు అంటే పదో వంతు మిగలడం. పైగా కదిలేవాటిని తప్పులుగా భావించి తుడిచేసే తెలివి కూడా వీటికి ఉంటుంది. టపాకాయలకు కావాల్సింది ఒక్కో బిందువుకు అన్ని ఫ్రేముల్లోకీ ఎక్కువ వెలుగున్నదాన్ని ఎంచుకునే పద్ధతి. కొన్ని ఫోన్లలో లైట్ ట్రెయిల్ పేరుతో ఉండేది ఇలాంటిదే. ఐఫోన్‌లో లైవ్ ఫొటో తీసి, తర్వాత దాన్ని లాంగ్ ఎక్స్‌పోజర్‌గా మార్చుకోవచ్చు. ఇవేవీ లేకపోతే దూరంగా వెలిగే దీపం మీద వేలు నొక్కి ఫోకస్ లాక్ చేసి, పక్కనే వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగడం, ఆ తర్వాత వీడియో తీసి మంచి ఫ్రేము ఏరుకోవడం. నిజం చెప్పాలంటే మామూలు ఫోన్‌కు ఈ చివరిదే ఎక్కువసార్లు పని చేస్తుంది.

ముఖం మీద పడ్డ వెలుగు

ఆకాశం వదిలేసి వాకిట్లోకి వస్తే లెక్క మళ్లీ తిరగబడుతుంది. కాకరపువ్వొత్తి పట్టుకున్న పిల్ల ఫొటోలో అసలు సరుకు ముఖం, వత్తి దీపం మాత్రమే. ముఖం కదలకుండా ఉంటే దానికి సమయం వర్తిస్తుంది. ఐఎస్‌ఓ 800, ఎఫ్/2.8, సెకనులో 60వ వంతు దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. రవ్వలు కాస్త తెల్లబోతే పోనీ. వత్తి ముఖానికి రెండు జానల దూరం నుంచి ఒక జానకు వస్తే వెలుగు నాలుగు రెట్లయి ముఖం తెల్లబోతుంది, కాబట్టి చెయ్యి చాచి పట్టుకోమనడం ఫొటోకూ మంచిది, కళ్లకూ మంచిది. మెహదీపట్నంలోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ప్రతి దీపావళి రాత్రీ కాలిన కళ్లతో వచ్చేవాళ్లలో పిల్లలూ ఉంటున్నారు. దగ్గరి ఫొటో కావాలంటే మనిషి దగ్గరికి పోనక్కర్లేదు, 85 లేదా 100 మిల్లీమీటర్ల లెన్స్ ఆ పని చేస్తుంది. లెన్స్ ముందు పాత యూవీ ఫిల్టర్ ఒకటి ఉండాలి. ఎగిరిపడే రవ్వ అద్దానికి గుంట పెడుతుంది.

కాకరపువ్వొత్తితో గాల్లో రాయడం ఇప్పుడు ప్రతి ఇంట్లో సరదా. ఎఫ్/11, ఐఎస్‌ఓ 100, పది సెకన్లు. రాసే మనిషి ముదురు బట్టలు వేసుకుని కదులుతుంటే ఫొటోలో పడడు. కెమెరా వైపు తిరిగి రాస్తే అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి, తర్వాత ఫొటోను తిప్పుకుంటే సరి. గుండ్రటి తెలుగు అక్షరాలు ఈ పనికి బాగానే లొంగుతాయి, తంటా అంతా తలకట్టుతోనే. చెయ్యి ఎత్తి పైకి పోయేటప్పుడు వత్తిని ఒంటి వెనక దాచకపోతే అక్షరానికీ తలకట్టుకూ మధ్య ఒక అనవసరపు గీత పడుతుంది. ‘శ్రీ’ రాయాలనుకునేవాళ్లకు వత్తి చాలదు, ఓపికా చాలదు.

కోస్తా ఊళ్లలో చీకటి పడగానే గోగు కాడలకు నూనెలో తడిపిన గుడ్డ వత్తులు కట్టి పిల్లలు దివిటీలు కొట్టడం ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. ఇది టపాకాయకు పూర్తిగా వ్యతిరేకం: వెలుగు తక్కువ, మంట పసుపు, చెయ్యి ఆగదు. ఐఎస్‌ఓ 1600 దాకా పెంచక తప్పదు. కానీ దివిటీ నేలకు తగిలి నిప్పు చెదిరే ఆ ఒక్క క్షణం, అది నిజంగా క్షణమే, సెకనులో 125వ వంతులో దొరుకుతుంది. ఈ వ్యాసంలో క్షణాన్ని పట్టుకోవాల్సిన ఫొటో ఇదొక్కటే.

కలిపిన ఆకాశం

రాత్రంతా తీసిన ఇరవై ఫ్రేములను కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి వేసి, ఇరవై పువ్వులు ఒకేసారి పూసినట్టు చూపించడం మామూలైపోయింది. కెమెరాలో ఆరు సెకన్లు కలపడానికీ, కంప్యూటర్లో రెండు గంటలు కలపడానికీ పద్ధతిలో తేడా లేదు కదా అని వాదించొచ్చు. చూసేవాడికి మాత్రం తేడా ఉంది. ఆరు సెకన్లు అక్కడ నిలబడ్డవాడి అనుభవంలో పడతాయి, రెండు గంటలు పడవు. కలిపినప్పుడు కలిపామని కింద రాస్తే గొడవే లేదు.

రాయకపోతే ఏమవుతుందో ప్రతి దీపావళికీ వాట్సాప్‌లో తిరిగే ‘అంతరిక్షం నుంచి దీపావళి’ బొమ్మే సాక్ష్యం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలతో దేశమంతా మెరిసిపోయే ఆ బొమ్మకు టపాకాయలతో సంబంధం లేదు. అమెరికా వాతావరణ సంస్థ నోవా శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ 1992 నుంచి 2003 దాకా ఉపగ్రహాలు పట్టిన రాత్రి దీపాలను కలిపి, ఏ ప్రాంతంలో దీపాలు ఎప్పుడు పెరిగాయో రంగుల్లో చూపించారు. 2012లో నాసా ఈ పొరపాటును సరిదిద్దుతూ ఆ ఏడాది నవంబరు 12 రాత్రి సువోమీ ఎన్‌పీపీ ఉపగ్రహం తీసిన అసలు ఫొటోను బయటపెట్టింది. అందులో హైదరాబాద్, చెన్నై, ఢిల్లీ ఎప్పటిలాగే ఉన్నాయి. దీపావళికి అదనంగా పుట్టే వెలుగు అంతరిక్షం నుంచి గుర్తుపట్టలేనంత తక్కువని నాసా చెప్పింది. పైగా ఆ ఉపగ్రహం ఇక్కడి మీదుగా పోయేది రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో, అప్పటికి చాలా వీధుల్లో మిగిలేది కాగితాల కుప్పే.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు దీపావళి రాత్రి కన్నా నాలుగు రోజుల తర్వాత వచ్చే నాగుల చవితి అనువైనది. ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి’ అని పిల్లలు పాడేది ఊరికే కాదు, చాలా ఇళ్లలో కొన్ని మతాబులూ నాలుగు తారాజువ్వలూ ఆ రోజుకు దాచిపెడతారు. వీధికి ఒకటో రెండో ఇళ్లవాళ్లే కాలుస్తారు, పొగ నిలవదు, ఒక్కో జువ్వకూ మధ్య సెట్టింగు మార్చుకునే తీరిక ఉంటుంది. పడమటి దిక్కున సన్నటి చవితి చంద్రుడు ఉంటాడు. ఫ్రేములో అతను కూడా కావాలంటే చీకటి పడగానే మొదలుపెట్టాలి, తొమ్మిది కొట్టేసరికి వెళ్లిపోతాడు.